తల నిలవని పాము

2019 వేసవిలో అమ్మ మొదటిసారి టెక్సాస్ వచ్చి మా ఇంట్లో 5 నెలలు ఉంది. పల్నాడులోని మా ఊళ్లో ప్రతి నాగులచవితికీ తెల్లవారుజామునే పుట్ట దగ్గరికి వెళ్లి, పాలు పోసి, చిమ్మిలీ చలిమిడీ నైవేద్యం పెట్టి, పుట్టమన్ను తెచ్చి మా చెవులకు రాసే మనిషి ఆమె. అయినా కొడుకు ఇంట్లో పాములను పెంచుతున్నాడన్న సంగతి ఆమెకు ఎన్నడూ మింగుడుపడలేదు. మొదటి రెండు వారాలు ఆ గది వైపే రాలేదు. మూడో వారంలో ఒక సాయంత్రం నేను మేత పెడుతుంటే గుమ్మంలో నిలబడి చూసింది. పట్టకారుతో అందించిన ఎలుక వాసన తగలగానే పాము తల పైకెత్తింది. ఎత్తిన తల పక్కకు ఒరిగి, మెలి తిరిగి, గడ్డం పైకీ నెత్తి కిందికీ అయ్యేదాకా తిరిగిపోయింది. ఆ స్థితిలోనే అది కాటుకు ఉరికి, ఎలుకకు జానెడు దూరంలో గాలిని కరిచింది.

“ఏరా, దీనికి తల నిలవట్లేదేంటి? చిన్నప్పుడేమన్నా దెబ్బ తగిలిందా?” అని అడిగింది అమ్మ. పెంపకందారులందరి దగ్గరా సిద్ధంగా ఉండే జవాబే నేనూ చెప్పాను. “దెబ్బ కాదమ్మా, ఈ రకం పాములన్నీ ఇంతే.” ఆమె కాసేపు దాన్నే చూసి, “రకమంతా ఇంతే అయితే అది రకమెట్టా అవుద్దిరా, రోగమవుద్ది గానీ” అని లోపలికి వెళ్లిపోయింది.

ఆ పామును నేను 2014లో ఒక పాముల ప్రదర్శనలో కొన్నాను. అయిదేళ్లపాటు రోజూ చూస్తూ నేను చూడటం మానేసినదాన్ని అమ్మ ఒక్క పూటలో చూసింది. అప్పటినుంచి నాలో నలుగుతున్న విషయాన్ని ఇక్కడ స్పష్టంగా చెప్పదలచుకున్నాను. అరుదైన రంగుల కోసం పాములను ఎంచి జతకట్టించడం దానంతటది తప్పని నేను అనను; ఆ పని నేను ఇప్పటికీ చేస్తున్నాను, ఇష్టంగా చేస్తున్నాను. కానీ ఏ జన్యువు వల్ల ఆ రంగు వస్తుందో ఆ జన్యువే పాము ఒంటిని చెరుస్తున్నదని తెలిసిన తరువాత, దాన్ని మరో తరానికి అందించే హక్కు మనకు లేదు. మా పాములాంటి, స్పైడర్ అని పిలిచే బాల్ పైథాన్ రకాన్ని ఇక ఎవరూ పుట్టించకూడదు. ఇది పెంపకం తెలియనివాడు బయట నిలబడి చెబుతున్న మాట కాదు. ఆ గుడ్లను నేను కూడా పొదిగించాను, ఆ పిల్లలను నేను కూడా అమ్మాను.

ఈ లోకం తెలియనివారి కోసం ముందు ఆ పాము సంగతి చెప్పాలి. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డిభూముల్లో బతికే చిన్న కొండచిలువ. బాగా ఎదిగిన ఆడది కూడా సాధారణంగా 5 అడుగులు దాటదు. విషం లేదు. బెదిరినప్పుడు కాటు వేయడం కన్నా ఒళ్లంతా బంతిలా చుట్టుకుని తలను మధ్యలో దాచుకోవడానికే ఇష్టపడుతుంది. ఆ పేరు అందుకే వచ్చింది. బ్రిటన్‌లో దీన్ని రాయల్ పైథాన్ అంటారు. బెనిన్ దేశంలోని ఉయిడా పట్టణంలో ఈ పాములకు ఒక గుడి ఉందని తెలిసినప్పుడు నాకు అమ్మ, మా ఊరి పుట్ట గుర్తుకొచ్చాయి. అక్కడి వోదూన్ సంప్రదాయంలో ఈ పాము పూజనీయం. దాన్ని చంపరు, ఊళ్లో కనిపిస్తే మర్యాదగా తీసుకువెళ్లి గుడిలో వదులుతారు. అదే బెనిన్ నుంచి, దాని పక్కనున్న టోగో, ఘానాల నుంచి దశాబ్దాలుగా లక్షల సంఖ్యలో ఈ పాములు అమెరికాకూ ఐరోపాకూ ఎగుమతి అవుతూ వచ్చాయి.

సహజంగా దాని ఒళ్లు ముదురు గోధుమ రంగులో ఉంటుంది, దాని మీద లేత మట్టిరంగు మచ్చలుంటాయి. ఎండుగడ్డిలో, ఎలుక బొరియల్లో దాక్కునే ప్రాణికి అంతకంటే అనువైన వేషం లేదు. లక్షల పాములను పట్టి లెక్కపెట్టే చోట ఎప్పుడో ఒకసారి రంగు తప్పిన పాము ఒకటి కనబడుతుంది. ఎగుమతిదారులు వాటిని వేరుగా తీసి పెద్ద ధరకు అమ్మేవారు. అలా వచ్చిన అడవి పాముల నుంచి 1992లో తొలిసారి తెలుపూ పసుపూ కలిసిన అల్బినో పిల్లలను అమెరికాలో పుట్టించారు. ఒంటి మీద అక్కడక్కడ పాలరాతి ముక్కలు అతికినట్టుండే పైబాల్డ్ రకాన్ని 1997లో పుట్టించారు. అక్కడితో ఈ రంగం రూపమే మారిపోయింది. ఇవాళ ఈ రంగుల రకాలు, వాటి కలయికలు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిని ఈ రంగంలో మార్ఫ్‌లు అంటారు.

దీని వెనుక ఉన్నది మనలో చాలామంది పదో తరగతి జీవశాస్త్రంలో చదువుకున్న మెండెల్ బఠానీ మొక్కల లెక్కే. అల్బినో లక్షణం అంతర్గతమైనది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ అందితేనే రంగు బయటపడుతుంది. ఒకే ప్రతి ఉన్న పాము చూడటానికి మామూలుగానే ఉంటుంది, కానీ దాని పిల్లల్లో ఆ రంగు మళ్లీ తలెత్తవచ్చు; అలాంటిదాన్ని మేము హెట్ అంటాము. రెండు హెట్‌లను జతకడితే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి అల్బినో అవుతుంది. మిగిలిన మూడు మామూలు పిల్లల్లో రెండు హెట్‌లే, కానీ ఏ రెండో చూసి చెప్పలేము. అందుకే వాటిని సంతలో ‘66 శాతం హెట్’ అని రాసి అమ్ముతారు. మా ఊరి బడిలో బల్లమీద సుద్దముక్కతో గీసిన పునెట్ చదరం, పాతికేళ్ల తరువాత ఒక పాము ధరను నిర్ణయించడం చూసినప్పుడు నాకు కలిగిన ఆనందం చిన్నది కాదు. వేర్వేరు జన్యువులకు సంబంధించిన రెండు అంతర్గత రంగులను ఒకే పాములో కలపాలంటే, రెంటికీ హెట్ అయిన జంట నుంచి పుట్టే పిల్లల్లో 16కు ఒక్కటి. ఆడ పాము ఒక విడతలో పెట్టేది ఆరేడు గుడ్లు. పిల్ల పుట్టినప్పటి నుంచి అది గుడ్లు పెట్టే వయసుకు రావడానికి దాదాపు 3 ఏళ్లు పడుతుంది. కాబట్టి ఒక్కో రంగు వెనుక ఒక్కో మనిషి పదేళ్ల ఓపిక ఉంటుంది.

ఆ ఓపికను నేను తక్కువ చేయను. జనవరిలో జతకట్టిన ఆడ పాము నడుము ఒకరోజు హఠాత్తుగా ఉబ్బడం, ఆ తరువాత కొన్ని వారాలకు అది కుబుసం విడవడం, అక్కడినుంచి రమారమి నెల రోజులకు ఒక తెల్లవారుజామున తోలులాంటి తెల్లటి గుడ్లను చుట్టుకుని పడుకుని ఉండటం, వాటిని వేరుచేసి 31, 32 డిగ్రీల వేడిలో రెండు నెలలు కాపాడటం, చివరికి గుడ్డు పెంకు మీద సన్నటి గాటు పడి, దానిలోంచి గోరంత మూతి బయటికి రావడం, ఆ మూతి రంగును బట్టి లోపల ఏముందో ఊహించడం: వీటన్నిటిలోనూ నిజమైన విద్య ఉంది, ప్రేమ ఉంది. ఈ రంగంలో నాకు తెలిసిన చాలామంది తమ పాముల గురించి ఏ పశువైద్యుడికీ తీసిపోని శ్రద్ధతో మాట్లాడతారు. ఈ శ్రద్ధ శాస్త్రానికి కూడా ఉపయోగపడింది. ఈస్టర్న్ మిషిగన్ విశ్వవిద్యాలయం వారు పెంపకందారులు పంపిన కుబుసాల నుంచే డీఎన్ఏ తీసి, అల్బినో రంగుకు, రంగు పదార్థం తయారీకి కావలసిన టైరోసినేజ్ అనే ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువులోని లోపం కారణమని 2022లో ప్రచురించారు. మనుషుల్లో ఒక రకం అల్బినిజానికి, అంటే పుట్టుకతోనే ఒళ్లంతా తెల్లగా ఉండటానికి, ఇదే జన్యువులోని లోపం కారణం.

ఇక స్పైడర్ సంగతి. 1999లో ఆఫ్రికా నుంచి వచ్చిన ఒకే ఒక్క పాము దీనికి మూలమని ఈ రంగంలో అందరూ చెబుతారు. ఒళ్లు తేనె రంగులో ఉండి, దాని మీద నల్లటి సన్నని గీతలు సాలెగూడు దారాల్లా పాకి ఉంటాయి; పక్కలు పొట్ట వైపుకు వచ్చేసరికి తెల్లబడతాయి. నిజంగా అందమైన పాము. దీని లక్షణం అల్బినోలాంటిది కాదు, బహిర్గతమైనది. ఒక్క ప్రతి చాలు. స్పైడర్‌ను మామూలు పాముతో జతకడితే మొదటి విడతలోనే సగం పిల్లలు స్పైడర్‌లు. మూడేళ్లు ఆగి హెట్‌లను మళ్లీ జతకట్టాల్సిన పని లేదు. పైగా వేరే ఏ రంగుతో కలిపినా ఆ రంగును మరింత మెరుగుపరుస్తుంది. పాస్టెల్ అనే పసుపు రకంతో కలిపితే తుమ్మెదలాంటి పసుపు నలుపు చారల పిల్లలు పుడతాయి. వాటిని బంబుల్‌బీ అంటారు. మొదట్లో వేల డాలర్లు పలికిన స్పైడర్, ఇంత సులభంగా పుడుతుంది కాబట్టే, ఇవాళ 100 డాలర్ల లోపే దొరుకుతుంది. రెండు ప్రతులూ ఉన్న స్పైడర్‌ను మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ రుజువుతో చూపించలేదు. అలాంటి పిండాలు గుడ్డులోనే చనిపోతాయని పెంపకందారులే అనుకుంటారు. ఒక జన్యువు రెండు ప్రతులుగా ఉంటే ప్రాణం నిలవదని అనుమానం కలిగినప్పుడే, ఒక్క ప్రతి ఏం చేస్తున్నదో నిదానంగా చూసి ఉండాల్సింది.

ఆ ఒక్క ప్రతి చేసేది మా ఇంట్లో అమ్మ చూసినదే. స్పైడర్ పాములన్నిటికీ ఎంతో కొంత తల ఊగడం, ఒరగడం ఉంటుంది. కొన్నింటిలో మేత సమయంలో మాత్రమే కనిపిస్తుంది. కొన్ని తలను మరమేకులా తిప్పుతాయి, గురి తప్పి కాటు వేస్తాయి, వెల్లకిలా పడితే వెంటనే బోర్లా తిరగలేవు. చాలాకాలం దీన్ని మెదడు జబ్బు అనుకున్నారు. 2022లో జర్మనీ పరిశోధకులు కొద్దిపాటి సంఖ్యలో స్పైడర్ పాములనూ మామూలు పాములనూ తీసుకుని, వాటి తలలను మైక్రో సీటీ స్కాన్‌లో పోల్చిచూశారు. స్పైడర్‌ల లోపలి చెవే వంకరగా ఏర్పడింది. భూమి ఆకర్షణను బట్టి పైన ఏదో కింద ఏదో చెప్పే సాక్యులస్ అనే సంచి కుంచించుకుపోయి ఉంది. తల ఎటు తిరుగుతున్నదో చెప్పే అర్ధవృత్తాకార నాళాలు రూపు తప్పి ఉన్నాయి.

పాముకు చెవులు లేవని మన ఊళ్లలో అంటారు. బయటికి కనిపించే చెవి లేదు కానీ, లోపలి చెవి ఉంది; దాని పని వినడం కన్నా కూడా ఒంటిని నిలబెట్టడం. కాళ్లూ చేతులూ లేని ప్రాణికి, నేలకు ఆనించిన పొట్ట, పైకెత్తిన తల, ఈ రెంటి మధ్య పొందికే బతుకు. మనకు లోపలి చెవిలో వాపు వచ్చి కళ్లు తిరిగినప్పుడు మంచం పట్టెను పట్టుకుని పడుకుంటాము, గది తిరగడం ఆగేదాకా కళ్లు మూసుకుంటాము. పాముకు కనురెప్పలు లేవు, పట్టుకోవడానికి చేతులు లేవు. దానికి ఆ స్థితి ఎలా అనిపిస్తుందో దాని నోటితో చెప్పలేదు. అయితే అది చెప్పలేకపోవడాన్ని ఏమీ లేకపోవడంగా తీసుకునే చొరవ నాకు ఇక లేదు. పుట్టమన్ను చెవులకు ఎందుకు రాస్తావని చిన్నప్పుడు అడిగితే, నాగేంద్రుడి దయవల్ల చెవి బాధలు రావని అమ్మ చెప్పేది. ఆ సీటీ స్కాన్ బొమ్మలు చూసిన రాత్రి నాకు ఆ మాట పదేపదే గుర్తుకొచ్చింది.

రంగుకూ చెవికీ సంబంధం ఏమిటని మీరు అడగవచ్చు. నీలి కళ్ల పిల్లులు చెవిటివై ఉంటాయని చార్లెస్ డార్విన్ 1859 నాటి గ్రంథంలోనే రాశాడు. డాల్మేషియన్ కుక్కల్లో పుట్టు చెవుడు ఎక్కువ. పిండదశలో వెన్నుపాము ఏర్పడే చోట న్యూరల్ క్రెస్ట్ అనే కణాల గుంపు ఒకటి పుట్టి ఒళ్లంతా వలస పోతుంది. చర్మంలో రంగు కణాలయ్యేవి అవే, లోపలి చెవిలో కొంత పని చేసేవీ అవే, కొన్ని నరాలయ్యేవీ అవే. ఆ వలసలో తేడా తెచ్చే జన్యువు చర్మం మీద మనకు నచ్చే గీతను గీస్తూనే మరో చోట మనకు కనిపించని దాన్ని చెరపగలదు. కాబట్టి ఒంటి మీద మచ్చలు ఎక్కడ ఏర్పడాలో మార్చే ప్రతి కొత్త రకాన్నీ, కేవలం రంగు పదార్థం తయారీ ఆగిపోయిన అల్బినోలాంటి రకాల కన్నా ఎక్కువ అనుమానంతో చూడాలని నా అభిప్రాయం. ఈ రంగంలో ఆ తేడాను పట్టించుకునేవారు తక్కువ.

స్పైడర్‌ను సమర్థించేవారి మాటలు నాకు కంఠతా వచ్చు, ఒకప్పుడు నేనూ వాటినే వాడాను కాబట్టి. తింటోంది, పెరుగుతోంది, గుడ్లు పెడుతోంది, ఇంకేం కావాలి అన్నది అందులో మొదటిది. బాల్ పైథాన్ అడవిలో ఎండాకాలమంతా నెలల తరబడి తినకుండా ఉండగలదు. పెంపకంలో కూడా చలికాలం ఉపవాసాలు మామూలే. తినకపోతే జబ్బు కాదని కొత్తవారికి ధైర్యం చెప్పేది మనమే. అలాంటప్పుడు తినడాన్ని మాత్రం సుఖానికి సాక్ష్యంగా ఎలా చూపిస్తాము? నడుం విరిగిన ఎద్దు కూడా గడ్డి వేస్తే తింటుంది. గుడ్లు పెట్టడం అంతకన్నా బలహీనమైన సాక్ష్యం. ప్రాణం ఉన్నంతవరకూ ఒళ్లు ఆ పని చేస్తూనే ఉంటుంది. సెయింట్ లూయిస్ జూలో 2020లో 62 ఏళ్లు దాటిన ఒక బాల్ పైథాన్, మగ పాము తోడు లేకుండానే 7 గుడ్లు పెట్టింది.

మూలమైన పాము అడవిలోనే బతికింది కదా, అంటే ప్రకృతే దాన్ని ఒప్పుకున్నది కదా అన్నది ఇంకొక మాట. లక్షల పాములు పట్టుబడిన చోట అలాంటిది ఒక్కటే దొరికిందని చెప్పేది కూడా ఈ మాట అనేవారే. ప్రకృతి ఒప్పుకుని ఉంటే, ఒక్క ప్రతి చాలే ఈ బహిర్గత లక్షణం ఆ గడ్డిభూముల్లో ఎందుకు వ్యాపించలేదు?

అన్నిటికన్నా ఆలోచించదగ్గ వాదన మూడోది. తల ఊగడం తక్కువగా ఉన్న పాములను ఎంచి జతకడుతూ పోతే కొన్ని తరాలకు ఆ లోపం పోతుందని కొందరు నిజాయితీగా నమ్ముతారు. నేనూ నమ్మాను. కానీ ఈ ఆశకు ఆధారం కావాలంటే రంగూ లోపమూ పక్కపక్కనే ఉన్న రెండు వేర్వేరు జన్యువుల పని అయి ఉండాలి. అలా అయితే, పాతికేళ్లుగా వేల మంది పెంపకందారులు స్పైడర్‌ను ప్రతి ఇతర రకంతోనూ, ఏ చుట్టరికమూ లేని పాములతోనూ జతకట్టారు కాబట్టి, ఎక్కడో ఒకచోట రంగు ఉండి లోపం లేని పిల్లలు పుట్టి, వాటి సంతతి కూడా అలాగే ఉండాలి. అలాంటి వంశం ఒక్కటి కూడా నిలబడలేదు. లోపం కొంచెమే ఉన్న తల్లికి, తల తిన్నగా నిలబెట్టలేని పిల్ల పుడుతూనే ఉంది. దీని అర్థం, ఆ రెండూ రెండు కావు. ఒకే జన్యువు రెండు చోట్ల చేస్తున్న పని. తక్కువగా ఊగే పామును ఎంచుకోవడం వల్ల మనం చేస్తున్నది లోపాన్ని తీసివేయడం కాదు, కొనేవారి కంటికి ఆనకుండా చేయడం.

ఇక్కడ మన దేశపు తెల్లపులి కథను తలచుకోవడం అవసరం. 1951లో రేవా మహారాజు మార్తాండ్ సింగ్ అడవిలో పట్టించిన మోహన్ అనే తెల్ల పులికూనను ముందు మామూలు ఆడపులితో జతకట్టారు. అన్నీ మామూలు కూనలే పుట్టాయి. తరువాత దాని కూతురితోనే దాన్ని జతకట్టారు. 1958లో తెల్ల కూనలు పుట్టాయి. ఆ రంగు అంతర్గత లక్షణమని అక్కడే తేలిపోయింది. హైదరాబాద్ నెహ్రూ జూలోనూ విశాఖ జూలోనూ తెల్లపులి ముందు పిల్లలను భుజాలకెత్తుకుని నిలబడిన మనలో ఎంతమందికి, ఆ తెలుపుకు మూలం తండ్రీ కూతుళ్ల కలయిక అని తెలుసు? తెల్లపులుల్లో మెల్లకన్ను తరచుగా కనిపిస్తుంది. కంటి నుంచి మెదడుకు పోయే నరాలు దారి తప్పడం దానికి కారణం. అది వర్ణలోపంతో ముడిపడి వచ్చేదే తప్ప దగ్గరి చుట్టరికం వల్ల మాత్రమే వచ్చింది కాదు. చుట్టరికం తెచ్చే జబ్బులను కొత్త రక్తం కలిపి తగ్గించవచ్చు. రంగు జన్యువే తెచ్చిన జబ్బును ఏ రక్తం కలిపినా తగ్గించలేము. ఈ తేడా అర్థమైతే స్పైడర్ మీద ఇంత చర్చ అవసరమే లేదు. అమెరికా జూల సంఘం 2011లో, తన సభ్య జూలు తెల్లపులులను కావాలని పుట్టించరాదని తీర్మానించింది.

నా సొంత తప్పు గురించి చెప్పాలి. అమ్మ వచ్చిన ఆ ఏడాదే, ఆమె రావడానికి కొన్ని నెలల ముందు, నేను ఈ పామును ఒక పాస్టెల్ మగ పాముతో జతకట్టాను. అమ్మ మాట అన్న రోజున ఏడు గుడ్లు పొదిగే పెట్టెలో ఉన్నాయి. ఒక గుడ్డు పాడైపోయింది. పుట్టిన ఆరింటిలో మూడు స్పైడర్ లక్షణం ఉన్నవి. వాటిలో రెండు నేను కోరుకున్న బంబుల్‌బీలు. ఆ రెండింటిలో ఒకటి గుడ్డులోంచి బయటికి వచ్చిన క్షణం నుంచే వెల్లకిలా పడి ఉండేది. బోర్లా తిప్పితే మళ్లీ వెల్లకిలా తిరిగేది. ఎలుక పిల్లను నోటి దగ్గర పెడితే దాని మీదకు కాక తన ఒంటి మీదకే కాటు వేసుకునేది. నేను పెద్దగా గుర్తించని ఒక అందం దానిది, ఎందుకంటే ఆ రంగును తీరుబడిగా చూసే ధైర్యం నాకు కలగలేదు. ఆరో వారంలో పశువైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లి దాన్ని నొప్పి లేకుండా సాగనంపాము. మిగిలిన రెండు స్పైడర్‌లను, తల కొంచెం ఊగుతుందని చెప్పే, అమ్మాను. కొన్నవారు దానికి అభ్యంతరం చెప్పలేదు. నిజం చెప్పి అమ్మాను కాబట్టి తప్పు లేదని రెండేళ్లు సర్దిచెప్పుకున్నాను. కానీ ఆ నిజం వినాల్సింది కొనేవారు మాత్రమే కాదు. లోపమున్న వస్తువును చెప్పి అమ్మితే కొనుగోలుదారుకు న్యాయం జరుగుతుంది. లోపంతో పుట్టించిన ప్రాణికి ఆ మాట వల్ల ఏ న్యాయమూ జరగదు. బాల్ పైథాన్ 30 ఏళ్లకు పైగా బతకగలదు. నేను 150 డాలర్ల చొప్పున అమ్మిన ఆ రెండు పాములు 2050 దాకా తలలు తిప్పుకుంటూ బతకవచ్చు.

అయితే దారి లేదా అంటే ఉంది, పెంపకందారుల్లోనే ఉంది. లెపర్డ్ గెకో అనే బల్లిలో లెమన్ ఫ్రాస్ట్ అనే మెరిసే తెలుపు రకం వచ్చినప్పుడు అది కొన్నాళ్లు అందరి కళ్లనూ ఆకట్టుకుంది. ఆ బల్లుల చర్మం మీద కణితులు లేవడం మొదలైంది. దాన్ని పెంచుతున్న మనిషి ఆ సంగతిని కప్పిపుచ్చకుండా, తన బల్లుల నమూనాలను పరిశోధకుల చేతికిచ్చాడు. ఆ రంగుకూ ఆ కణితులకూ ఒకే జన్యువు, స్పింట్1, కారణమనీ, ఆ జన్యువు మార్పు ఉన్న బల్లుల్లో 80 శాతానికి పైగా కణితుల బారిన పడ్డాయనీ 2021లో ప్రచురితమైన వ్యాసంలో ఆ పెంపకందారుడి పేరు కూడా రచయితల్లో ఉంది. నాకు ఈ రంగంలో అంతకన్నా గౌరవనీయమైన పని మరొకటి తెలియదు. బ్రిటన్‌లో సరీసృపాల పెంపకందారుల సంఘమైన ఇంటర్నేషనల్ హెర్పటలాజికల్ సొసైటీ తన ప్రదర్శనల్లో స్పైడర్ పాముల అమ్మకాన్ని ఆపివేసింది. జర్మనీ జంతు సంరక్షణ చట్టంలోని 11బి నిబంధన, సంతానానికి బాధ కలిగించే లక్షణాల కోసం జంతువులను పుట్టించడాన్నే నిషేధిస్తుంది. అమెరికాలో అలాంటి చట్టం వస్తుందని నేను ఎదురుచూడటం లేదు. చట్టం వచ్చేదాకా ఆగాల్సిన అవసరం కూడా లేదు. ఇక ఎవరూ స్పైడర్‌ను జతకట్టకపోతే ఆ జన్యువు ముందుకు పోదు. బహిర్గత లక్షణం కాబట్టి అది హెట్‌ల రూపంలో చాటుగా దాక్కోలేదు. వదిలించుకోవడానికి ఇంతకన్నా సులభమైన జన్యువు ఉండదు, వదిలించుకోవాలనే మనసుంటే.

ఇదే మాట షాంపేన్, వోమా అనే రకాలకూ వర్తిస్తుంది. వాటిలోనూ ఇలాంటి ఊగుడే ఉంది. నల్లని సూపర్ సినమన్‌లో బాతుముక్కులాంటి మూతి, వెన్నులో వంపు, కారమెల్‌లో వెన్ను మెలికలు తరచూ కనిపిస్తాయి. పైబాల్డ్, క్లౌన్, పాస్టెల్, ఆక్సాంథిక్ లాంటి అందమైన రకాలు అంత పెద్ద కష్టం లేకుండా మన ముందున్నాయి. ఆరోగ్యంగా ఉన్న వేల రంగులు ఉండగా ఈ కొన్నింటి కోసం పట్టుబట్టడాన్ని నేను సమర్థించలేను.

హైదరాబాద్, విజయవాడల నుంచి నాకు అప్పుడప్పుడు కుర్రవాళ్లు సందేశాలు పంపుతుంటారు. అన్నా, అల్బినో ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది అని అడుగుతారు. వారి ఉత్సాహం నాకు అర్థమవుతుంది, కానీ వారికి నేను చెప్పేది ఒకటే. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒప్పందమైన సైటిస్ జాబితాలోని విదేశీ జంతువులు, బాల్ పైథాన్‌తో సహా, దాని నాలుగో షెడ్యూలులోకి చేరాయి. పెంచుకునేవారు వాటిని నమోదు చేయించాలి, పుట్టిన పిల్లలనూ చెప్పాలి. మీకు చవకగా దొరుకుతున్నవాటిలో చాలామటుకు బ్యాంకాక్ నుంచి గుడ్డసంచుల్లో మూటగట్టి, పెట్టెల్లో బట్టల మధ్య దాచి తెచ్చినవి. చెన్నై విమానాశ్రయంలో కస్టమ్స్‌వారు అలాంటి సరుకును ఎన్నోసార్లు పట్టుకున్నారు. రెండు తలల పాము ఇంట్లో ఉంటే ధనం వస్తుందని నమ్మి, ఏ పాపమూ ఎరుగని మట్టిపాములను లక్షలకు బేరమాడిన ప్రాంతం మనది; పాముకు మన కోరికను బట్టి వెల కడితే ఏమవుతుందో మనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

మా ఆడ పాము ఇంకా నా దగ్గరే ఉంది. ఆ ఏడాది తరువాత దాన్ని ఎప్పుడూ జతకట్టలేదు. దాని పెట్టెలో ఎక్కడానికి ఉంచిన కొమ్మలు తీసివేశాను, ఎత్తు నుంచి పడితే తిరగలేదు కాబట్టి. నీళ్ల గిన్నె లోతు తగ్గించాను. ఎలుకను గాలిలో ఊపితే దానికి తల మరింత తిరుగుతుందని అర్థమైన తరువాత, ఇప్పుడు నేల మీద పెట్టి, దీపం తగ్గించి, గదిలోంచి వెళ్లిపోతాను. పావుగంటకు తిరిగి వచ్చి చూస్తే చాలాసార్లు తినేసి ఉంటుంది. అమ్మ ఫోన్ చేసినప్పుడు పిల్లల గురించి అడిగాక, ఆ పాము ఎట్టా ఉందిరా, తల నిలుస్తోందా అని అడుగుతుంది. లేదమ్మా అని చెబుతాను.